చిన్నదొరకు నయమైంది

హొరెకి ఏడవ సంవత్సరం, మూడవ నెల, రెండవ రోజు
ఎడో, మినోబె వారి భవనం

చెల్లెలు తొసెకు,

నువ్వు పంపిన ఎండుపళ్ళు అందాయి. సగమే తినగలిగాను. ఎడమ దవడలో పన్ను ఊగుతోంది. పీకించుకోమంటాడు వైద్యుడు. షోగన్ సర్కారు అధికారుల ముందు నోరు తెరిచి మన సంస్థానం తరఫున మాట్లాడటమే నా ఉద్యోగం కదా, అందుకని అది ఊడేదాకా ఆగుతానన్నాను.

ఇక్కడ ఒక దిగులు వచ్చిపడింది. చిన్నదొర ఇవచియొ గారికి మశూచి పోసింది. మశూచికి ఎరుపు విరుగుడంటారు కదా, గదికి ఎర్ర తెరలు కట్టాం, ఎర్ర దుప్పట్లు పరిచాం. ముఖం మీద దట్టంగా పోసింది. గండం గడిచిందని వైద్యుడు అంటున్నాడు, నీరసం మాత్రం తగ్గలేదు. పెద్దదొర పోయాక కురసె సంస్థానానికి ఆ పిల్లవాడొక్కడే దిక్కని నీకు తెలుసు.

ఒక మాట అడుగుతాను, వెంటనే జవాబు రాయి. నీ కొడుకు కుమా ఎంత ఎత్తు వచ్చాడు? వాడికి మశూచి పోసిందా? ముఖం మీద మచ్చలున్నాయా, లేవా? మూడేళ్ళప్పుడు చూసిన ముఖమే నాకు గుర్తు. చిన్నదొర కొలువులో వాడికి చోటు దొరికేలా ఉంది. ఇంతకన్నా అడగకు, ఊళ్ళో అనకు.

మీ అత్తగారికి నా నమస్కారం చెప్పు. ఇప్పటికీ నన్ను చూస్తే గద్దిస్తారేమోనని భయమే.

మీ అన్న,
కుసకబె జింగొ


మూడవ నెల, ఇరవై నాలుగవ రోజు
కురసె, ఒకుదని కనుమ

అన్నయ్యకు తొసె నమస్కారాలు.

ఉత్తరం చదివి అక్కడే కూర్చుండిపోయాను. ఈ కనుమ కాపలాలోనే మా ఆయన బతుకు వెళ్ళిపోయింది. కొడుకు కూడా ఇదే కనుమలో ముసలివాడవుతాడని అనుకుంటూ వచ్చాను. మేము పేరుకే మినోబె వంశం. కోటలో పండగ భోజనానికి కూర్చోబెట్టేటప్పుడు తలుపు పక్కన గాలి కొట్టే చోటు మాది.

ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, అత్తగారికి తప్ప. "కొలువా? వీడా? నిన్న కోడిపెట్ట నెత్తిన టోపీ కట్టి ఊరేగించాడు. వీడికి కావాల్సింది కొలువు కాదమ్మా, కట్టుకొయ్య" అన్నారు. అన్నారేగాని మధ్యాహ్నానికల్లా తన పెళ్ళినాటి పట్టుబట్ట విప్పదీసి వాడి భుజాలు కొలుస్తున్నారు.

కుమా బాగా ఎదిగాడు. తొమ్మిదేళ్ళే అయినా పన్నెండేళ్ళ పిల్లల పక్కన తేలిపోడు. ముఖం ఒలిచిన గుడ్డులా ఉంటుంది. మచ్చ అన్నది లేదు. మా ఆయన పోయిన ఏడు ఈ కనుమ అంతా మశూచి పోసింది కదా, అప్పుడు వాడిని కొండపైన బొగ్గులు కాల్చేవాళ్ళ ఇంట్లో దాచాను. దాని గాలి వాడికి సోకలేదు.

చిన్నదొర త్వరగా కోలుకోవాలని ఇక్కడ మేమూ గుమ్మానికి ఎర్ర కాగితం కట్టాం. పన్ను పీకించుకో అన్నయ్యా. ఊగే పన్నుతో మాట్లాడితే నీ మాటా ఊగుతుందనుకుంటారు.

నీ చెల్లెలు,
తొసె


నాలుగవ నెల, ఇరవయ్యవ రోజు

తొసె,

ఈ ఉత్తరం మామూలు టపాలో పంపడంలేదు. నా మనిషి హికొజి స్వయంగా తెచ్చి నీ చేతికే ఇస్తాడు. చదివి పొయ్యిలో వేయి.

చిన్నదొర లేరు. నేను మొదటి ఉత్తరం రాసేనాటికే లేరు. టపా ఉత్తరాలు దారిలో ఎవరైనా విప్పుతారని గండం గడిచిందని రాశాను.

జరిగింది ఇది. మశూచి దట్టంగా పోసింది. నిజంగానే తగ్గింది కూడా. తగ్గిందని, ముఖం మీద మచ్చలు మిగిలాయని నా చేతులతోనే సర్కారుకు రాసి ఇచ్చాను. స్నానం పోయించాం. జబ్బు తగ్గిన శుభానికి ఎర్రన్నం వండి బంధు సంస్థానాలన్నిటికీ పంచాం. ఆ సాయంత్రం జ్వరం తిరగబెట్టింది. తెల్లారేసరికి అయిపోయింది.

పదిహేడేళ్ళు నిండని ప్రభువు పోతే ఆ ఇంటికి దత్తత కుదరదు. కోట సర్కారు పరమవుతుంది. మన వాళ్ళందరూ, పెద్ద మంత్రి నుంచి గుర్రాలకు గడ్డివేసేవాడి దాకా, జీతమూ ఇల్లూ లేనివాళ్ళవుతారు.

దీనికి ఒకటే దారి. ఆయన పేరుతో, ఆయన ఆసనంలో ఇంకో పిల్లవాణ్ణి కూర్చోబెట్టాలి. ఇలా గట్టెక్కిన సంస్థానం మనదే మొదటిది కాదని నా ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఎవరూ పైకి అనరు. సర్కారువారెవరూ చిన్నదొరను దగ్గరగా చూడలేదు. కాని ఆ పిల్లవాడు మినోబె రక్తం అయివుండాలి. ముఖం మీద మశూచి మచ్చలుండాలి. వంశంలో ఇంకో శాఖలో అలాంటివాడు ఒకడున్నాడు. ఐదేళ్ళవాడు. సర్కారు దస్తరంలో చిన్నదొరకు పన్నెండు. అసలు వయసు పదే. పదిహేడు తొందరగా రావాలని పుట్టినప్పుడే రెండేళ్ళు కలిపి రాయించాం. ఈ వంశంలో ఎవరికీ సొంత వయసు లేదు. అయినా ఐదేళ్ళవాణ్ణి పన్నెండేళ్ళవాడని చూపించలేం.

అందుకే కుమా గురించి అడిగాను. మచ్చలు లేవని, మశూచే పోయలేదని రాశావు. నా ఉద్యోగానికి తగని మాట ఒకటి చెబుతాను. అది చదివి ఊపిరి పీల్చుకున్నాను. వాడికి మచ్చలుంటే ఏమయ్యేదో తెలుసా? వాడు నీ కొడుకు కాకుండా పోయేవాడు. నీ కుమా, కుమనొసుకె, చచ్చిపోయాడని మీ ఊరికి చెప్పాల్సివచ్చేది. ఎప్పుడైనా వాడు ప్రభువుగా కోటకు వస్తే నువ్వు దారి పక్కన తల దించుకుని నిలబడాల్సివచ్చేది. అది తప్పింది. కుమా నీ దగ్గరే ఉంటాడు.

మశూచి భయంతో ఆ గదిలోకి ఇంకెవరినీ రానివ్వలేదు కాబట్టి, ఇక్కడ ఈ సంగతి తెలిసినవాళ్ళు నలుగురమే. దొరసానిగారు, ఎడో భవనపు మంత్రి, వైద్యుడు, నేను. కురసెలో నువ్వొక్కదానివే. అమ్మదలుచుకున్నవి ఇప్పుడే మెల్లగా అమ్ము. ఊరంతా ఒకేసారి పెట్టెలూ కత్తులూ వీధిలో పెట్టిన రోజు కొనేవాళ్ళుండరు.

జింగొ


ఐదవ నెల, పన్నెండవ రోజు

అన్నయ్యకు,

ఉత్తరం పొయ్యిలో వేశాను. పెట్టెలు అమ్మలేదు. కుమా బాగున్నాడు. మేం పెంచే పట్టుపురుగులు రెండోసారి కుబుసం విడిచే నిద్రలో ఉన్నాయి. ఈ ఏడు మల్బరీ ఆకు సరిపోయేలా ఉంది.

అత్తగారు ఏమిటి విషయమని అడిగారు. హికొజి తిండికి కూడా ఆగకుండా ఎందుకు వెళ్ళాడని అడిగారు. నేనేమీ చెప్పలేదు.

ఇంకెవరూ దొరకలేదా? దొరసానిగారు ఎలా ఉన్నారు?

తొసె


ఆరవ నెల, ఆరవ రోజు

తొసెకు,

ఇదీ టపాలో కాదు, నమ్మకమైన మనిషి చేత పంపుతున్నాను; జవాబుంటే అతనికే ఇవ్వు. నీ ఉత్తరం చాలా పొడిగా ఉంది. బెదిరిపోయావని అర్థమైంది. కోట పోయినా మీ ముగ్గురినీ ఎడోలో నా స్నేహితుడి ఇంట్లో ఉంచే ఏర్పాటు చేశాను. వెనకవైపు గది. చీకటిగా ఉంటుంది కాని వాన కారదు.

ఇంకెవరూ దొరకలేదు.

దొరసానిగారి గురించి అడిగావు. ఆవిడకు ఏడవడానికి వీల్లేదు. కొడుకు కోలుకున్న తల్లి కదా. శుభం చెప్పడానికి వచ్చిన ఆడవాళ్ళతో కూర్చుని ఎర్రన్నం తిన్నారు. చిన్నదొర అస్థికలు వెనక తోటలో ఒక రాయి కింద ఉన్నాయి. పేరు రాయలేదు, ధూపం వేయలేదు. ఆవిడ అటువైపు నడవకూడదని కూడా మేమే చెప్పాం. మొన్న నన్ను పిలిచి, "అంత కురసె దేశంలో ఒక్క పిల్లవాడు లేడా, జింగొ?" అన్నారు. లేడని చెప్పాను.

తొమ్మిదవ నెలలో సర్కారు అధికారి చిన్నదొరను పరామర్శించడానికి వస్తాడు. రోజు ఖాయమైంది. అప్పటికి ఎవరూ లేకపోతే నిజం ఒప్పుకుని కోట అప్పగిస్తాం. తగ్గిందని రాసి ఇచ్చినవాణ్ణి నేను కాబట్టి, ఆ తప్పుడు రాతకు నా పొట్ట నేను కోసుకుని జవాబు చెప్పాలి. నువ్వు ఇంకొకరి నోట వినకూడదని రాస్తున్నాను, అంతే. దీనిమీద ఉత్తరాలు పొడిగించకు. పన్ను సంగతి ఇక మర్చిపోవచ్చు.

మీ అన్న,
జింగొ


ఆరవ నెల, ఇరవై ఎనిమిదవ రోజు

అన్నయ్యా,

కుమా ముఖం మీద మచ్చలున్నాయి.

నుదుటి మీదా, ముక్కుకు రెండుపక్కలా ఉన్నాయి. మా ఆయనకు పోసినప్పుడే వాడికీ పోసింది. ఆయన పోయారు, వాడు బతికాడు. ఇంట్లో చావు ఉండగా బిడ్డ కోలుకున్నాడని ఎర్రన్నం పంచలేం కదా, అందుకే నీకు అప్పుడు రాయలేదు. బొగ్గుల వాళ్ళ ఇల్లు నేను కల్పించింది. కొలువులో దొర పక్కన కూర్చునే పిల్లలకు నున్నటి ముఖాలు కావాలంటారు. మచ్చలున్నాయని రాస్తే వాణ్ణి వద్దంటావని అనుకున్నాను. ఎడో వచ్చాక చూస్తావని తెలుసు. అప్పటికి వాడి మాటలు విని ముఖం మర్చిపోతావనుకున్నాను. హికొజి వచ్చినప్పుడు పట్టుపురుగుల గదిలోకి నెట్టి తలుపు వేశాను.

నీ రెండో ఉత్తరం చదివాక చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. అబద్ధం నా దగ్గర తయారుగా ఉంది. దాన్ని కదపకుండా ఉంటే చాలు. నువ్వు ఊపిరి పీల్చుకున్నానని కూడా రాశావు. ఆ మాట ఎన్నిసార్లు తలుచుకున్నానో!

నీ మూడో ఉత్తరం వచ్చిన రోజు అన్నం వండటం మర్చిపోయాను. అత్తగారు పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "కోట పోతోందా?" అని అడిగారు. నేను పుల్లలు ఎగదోశాను. "నాకు తెలియదనుకోకు. ఇప్పుడు నీ ముఖం ఉన్నట్టే ఒకప్పుడు మా అమ్మ ముఖం ఉండేది" అన్నారు.

ఆవిడ పుట్టింటివాళ్ళు హతనో వంశం కొలువువాళ్ళని నీకు తెలిసే ఉంటుంది. మినోబె వారికన్నా ముందు కురసె హతనో వారిదే కదా. ఆఖరి హతనో దొర పదిహేనేళ్ళకే, వారసుడు లేకుండా పోయాడు. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ మాట్లాడేవారు కాదు. ఆ రోజు మాట్లాడారు.

"కొత్తవాళ్ళు వస్తున్నారని మా తాత కోట వాకిలంతా ఊడ్చాడు. పగిలిన పెంకులు మార్చాడు. తలుపుల బందులకు నూనె పెట్టాడు. ఎందుకు తాతా, మనది కాదుగా అంటే, పాడుబెట్టి ఇచ్చారంటారే అన్నాడు. తాళాలు మీ మామగారి తండ్రి చేతికే ఇచ్చాడు. ఇచ్చి ఇంటికొచ్చేసరికి మాకు ఇల్లు లేదు. మా అన్న గొడుగులకు కాగితం అంటించాడు. మా అక్కను బాటసారులు దిగే సత్రానికి పంపారు. ఎందుకు పంపారని నన్నడగకు. నాకప్పుడు కుమా అంత వయసు."

నేను అప్పుడు అంతా చెప్పేశాను. నువ్వు చెప్పొద్దన్నావు, చెప్పాను.

ఆవిడ పొయ్యిలో నిప్పును బూడిదతో కప్పారు. వాణ్ణి పంపమని అంటారనుకున్నాను. అనలేదు. "నన్నడిగితే వాణ్ణి దాచెయ్యమంటాను. ఆ మాట నా నోట రాకముందే నువ్వు తేల్చుకో" అని లేచి వెళ్ళి పడుకున్నారు.

కనుమ దగ్గర మా ఆయన కింద పనిచేసినవాళ్ళ ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళ ఆడపిల్లలు రోజూ మా మల్బరీ ఆకు కోయడానికి వస్తారు. వాళ్ళలో పెద్దదానికి పద్నాలుగేళ్ళు. మర్నాడు అది బుట్ట ఎత్తుకుంటుంటే సత్రానికి వెళ్ళిన ఆ అక్క గుర్తొచ్చింది. నిన్ను కూడా తలుచుకున్నానని రాయను. రాస్తే నీకు కోపం వస్తుంది.

కుమాను అడిగాను. పెద్ద సంగతేమీ చెప్పలేదు. "ఎడోలో మామయ్య దగ్గర ఉంటావా?" అన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నాడు. చాలాకాలమన్నాను. "మరి నువ్వు?" అన్నాడు. రెండో విడత పురుగులున్నాయి కదా అన్నాను. "పురుగులు గూళ్ళు కట్టాక వస్తావా?" అన్నాడు. నేను లేచి నీళ్ళకు వెళ్ళాను.

హికొజిని పంపు. వాడు మినోబె బిడ్డే, పొడవున్నాడు, మచ్చలున్నాయి.

ఒకటి అడుగుతాను. కుమనొసుకె చనిపోయాడని ఊరికి చెప్పాలన్నావు. కొలువుకని ఎడో వెళ్ళి అక్కడ జ్వరంతో పోయాడని చెబుతాను. అయితే పూడ్చడానికి నాకు అస్థికలు కావాలి. మీ తోటలో రాయి కింద ఒక పిల్లవాడున్నాడు. అతన్ని ఇక్కడికి పంపు. మా ఆయన పక్కన చోటుంది. పైన వేరే పేరుంటే ఉంటుంది. ధూపం వేస్తాను, నీళ్ళు పోస్తాను, వర్ధంతులకు గుడి భిక్షువును పిలుస్తాను. ఏడవడానికి నాకు వీలుంటుంది.

దొరసానిగారిని అడిగి చెప్పు.

తొసె


ఏడవ నెల, పంతొమ్మిదవ రోజు

తొసెకు,

హికొజిని పంపుతున్నాను. నమ్మకమైనవాడు. దారిలో కుమా ముఖం కనబడకుండా పెద్ద టోపీ పెట్టు. ఎవరైనా పేరు అడిగితే మాట్లాడొద్దని వాడికి చెప్పు.

నీ అబద్ధం గురించి తిట్టాలని కూర్చున్నాను. తిట్లు రాలేదు. నా కోసం ఈ పని చేశావా అని అడగాలని ఉంది, అడగను.

ఎడో మంత్రిగారు ఎంతో సంతోషించారు. నీ మంచితనానికి బదులుగా కోట కింద వీధిలో, పెద్ద హోదా ఉన్నవాళ్ళకే ఉండే కప్పున్న సింహద్వారంతో ఒక ఇల్లు ఇస్తామన్నారు. వంశంలో నీ చోటు కూడా పైకి జరుగుతుంది.

అస్థికల సంగతి దొరసానిగారికి చెప్పాను. ఆవిడ తెర వెనక ఉన్నారు. నేను లేవబోతుంటే, "వాడికి చలి ఎక్కువ. ఆ కనుమలో మంచు పడుతుందా?" అని అడిగారు. పడుతుందని చెప్పాను. అయినా పంపమన్నారు.

జింగొ


ఎనిమిదవ నెల, మూడవ రోజు

అన్నయ్యకు,

వాణ్ణి హికొజి వెంట పంపేసి రాస్తున్నాను, దీన్ని ఇంకో నమ్మకమైన మనిషి వాళ్ళ వెనకే తెస్తాడు.

కప్పున్న సింహద్వారం ఎవరడిగారు? కొడుకు పోయిన మనిషికి ఉన్నట్టుండి కోట కింద ఇల్లిస్తే ఊరు ఏమనుకుంటుందో మీ మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారా? మీరంతా కాగితం మీద రాసేది తప్ప ఇంకేమీ చూడరు. మాకు తలుపు పక్క చోటే ఉండనివ్వండి. పండగ భోజనానికి మీరు మమ్మల్ని పైకి జరిపితే పక్కవాళ్ళు కారణం అడుగుతారు. అత్తగారైతే, "ఆ చోట్లో గాలి బాగా వస్తుందని చెప్పమ్మా" అన్నారు.

కుమాకు నిజం నువ్వే చెప్పాలి. నేను చెప్పడానికి ప్రయత్నించాను. టోపీ తాడు బిగించడం తప్ప ఏమీ చేయలేకపోయాను. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. హికొజి నడుమున వేలాడే కత్తి ఎంత పొడవో కొలుస్తూ వెళ్ళాడు. అదే మంచిది.

తొసె


తొమ్మిదవ నెల, ఇరవై రెండవ రోజు
ఎడో

తొసెకు,

అయిపోయింది. కోట నిలిచింది. ఇదివరకటిలా హికొజి చేతే పంపుతున్నాను. అతని దగ్గర తెల్లగుడ్డ కట్టిన చిన్న పెట్టె ఉంటుంది. అది ఎవరిదో నీకు తెలుసు. జాగ్రత్తగా అందుకో.

జరిగింది వరసగా చెబుతాను.

ఇక్కడికి వచ్చిన మూడో రోజున పిల్లవాడికి నిజం చెప్పాను. కళ్ళార్పకుండా విన్నాడు. "మరి కుమా ఎక్కడికి పోయాడని చెబుతారు?" అని అడిగాడు. చనిపోయాడని చెబుతామన్నాను. "అమ్మకి కూడానా?" అన్నాడు. అమ్మకు తెలుసన్నాను. ఆ తర్వాత ఇవచియొ అని పిలిస్తే పలుకుతున్నాడు. మొదట్లో కాస్త ఆలస్యంగా పలికేవాడు. మచ్చలతో ముఖం మారిందని, జబ్బుతో నీరసమని అందరికీ చెప్పాం.

దొరసానిగారు అన్నాళ్ళూ అతన్ని చూడటానికి ఒప్పుకోలేదు. రోజూ పొద్దున పిల్లవాడు వెళ్ళి తెర ముందు వంగి దండం పెట్టేవాడు. తెర కదిలేది కాదు.

సర్కారు అధికారి వచ్చాడు. ముసలివాడు, మంచి మాటకారి. ఏమేం అడుగుతాడో వాటికి జవాబులన్నీ నేర్పించాను. అన్నీ బాగా చెప్పాడు. అధికారి మచ్చలు చూశాడు, తల ఊపాడు. లేవబోతూ, ఊరికే నవ్వుతూ, "జబ్బులో బాగా ఏం తినాలనిపించింది, దొరా?" అన్నాడు. అది మేం నేర్పలేదు.

"ఏటి చేప. మిసో ముద్ద రాసి ఆకులో చుట్టి కాల్చింది" అన్నాడు పిల్లవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "మా అమ్మ ఎప్పుడూ మాడుస్తుంది" అన్నాడు.

దొరసాని పొయ్యి దగ్గర కూర్చుని చేప కాల్చడం ఎక్కడైనా విన్నావా? మంత్రిగారి మెడ మీద చెమట నాకు కనిపించింది. అధికారి నవ్వు ముఖం మీదే ఉంది, కళ్ళు మాత్రం మా వంక తిరిగాయి. నా కత్తి పక్కగదిలో ఉందని గుర్తొచ్చింది.

అప్పుడు తెర వెనక నుంచి దొరసానిగారు మాట్లాడారు. "ఒకసారి మాడితే ఇంతమందిలో చెబుతావురా? జ్వరంలో గోల పెట్టావని నా చేత్తో నేను కాల్చాను. నా జన్మలో పొయ్యి ముట్టుకున్నది అదే మొదలు. దాసీలు నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు."

అధికారి పకపకా నవ్వాడు. "మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా మాడుస్తోంది, తల్లీ!" అన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు.

వాళ్ళ పల్లకీ వాకిలి దాటేదాకా మేమెవరమూ కదల్లేదు. తర్వాత తెర పక్కకు జరిగింది. దొరసానిగారు బయటికి వచ్చి పిల్లవాడి ముందు కూర్చుని, ముఖాన్ని వేళ్ళతో తడిమి చూశారు. పిల్లవాడు చేతులు కట్టుకుని ఉండిపోయాడు. "ఆకలేస్తోందా?" అని అడిగారు. తల ఊపాడు.

సాయంత్రం నన్ను పిలిచి ఒక మాట అడిగారు. నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పిల్లవాడి సంగతులు తెలిసినవాళ్ళెవరైనా రాసి పంపితే బాగుంటుందన్నారు. ఏం తింటాడు, ఎలా పడుకుంటాడు, దేనికి ఏడుస్తాడు. నీ పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నీకు ఇష్టం లేకపోతే రాయకు. రాసేవాళ్ళెవరూ దొరకలేదని చెబుతాను. చెప్పడం నా ఉద్యోగమే.

మీ అన్న,
జింగొ


పదవ నెల, పదకొండవ రోజు
ఒకుదని

అన్నయ్యకు తొసె నమస్కారాలు.

పెట్టె అందింది. మొన్న పూడ్చాం. కనుమవాళ్ళందరూ వచ్చారు. ఆకు కోసే ఆడపిల్లలు ఏడ్చారు. కుమా టోపీ కట్టిన కోడిపెట్టను ఒకావిడ చంకలో పెట్టుకుని మరీ వచ్చింది. నేనూ ఏడ్చాను. అది అబద్ధం కాదు కాబట్టి కష్టం అనిపించలేదు. దొరసానిగారికి చెప్పు: నేలలో రెండు మూరల లోతున బొగ్గు పరిచి, దానిమీద పెట్టాం. మంచు అక్కడిదాకా దిగదు. అత్తగారు, ఆ పట్టుబట్టతో వాడికి కుట్టిన చొక్కా వాడితో పంపలేకపోయాం కదా, దాన్నే పెట్టెకు చుట్టారు. "ఏ పిల్లాడైతేనేం, చలి చలే" అన్నారు.

ఇక ఆవిడ అడిగిన సంగతులు. ఈ ఒక్క ఉత్తరంలో వాడు అనే రాస్తాను. ఇకముందు రాయను.

చేపను వీపు వైపు నుంచి చీల్చాలి. మిసోలో కొద్దిగా అల్లం కలిపి లోపల మాత్రమే రాయాలి, పైన రాస్తే మాడుతుంది. నేను పైన కూడా రాసేదాన్ని, వాడికి ఆ మాడిన రుచే ఇష్టమని. అది ఆవిడకు చెప్పు. మాడకపోతే తింటాడు కాని ఇంకోటి అడగడు.

ఎడమవైపు తిరిగి పడుకుంటాడు. దుప్పటి తన్నేస్తాడు. ఉరుములకు భయం లేదంటాడు కాని ఉరిమినప్పుడు ఎవరి పక్కనైనా ఏదో పని కల్పించుకుని వచ్చి కూర్చుంటాడు. ఏం పనని అడగకూడదు. దెబ్బ తగిలితే ఏడవడు, ఎవరైనా తనకు బదులు దెబ్బలు తింటే ఏడుస్తాడు. మందు మింగించాలంటే ముందు మనం రుచి చూసి, ముఖం చిట్లించాలి. బాగుందని చెబితే నమ్మడు. అబద్ధమాడేటప్పుడు చెవి రుద్దుకుంటాడు. ఇప్పుడు వాడు చేయబోయే ఉద్యోగానికి అది పనికిరాదు, మాన్పించండి.

నిద్రపట్టకపోతే నేను చేసేది ఒకటుంది. ఒక చిన్న పని. దానికి వాడు వెంటనే నిద్రపోతాడు. అది తప్ప అన్నీ రాశాను. అది రాయను. ఆవిడ తనకు తోచింది ఏదో చేసుకుంటారు, కొన్నాళ్ళకు అదే అలవాటవుతుంది.

పన్ను ఊడిందా?

నీ చెల్లెలు,
తొసె